బదులు పలకని జపమాల

మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎంత చెప్పినా లేవడం లేదు.

హాల్లో మధ్యాహ్నం ఆట మొదలవబోతోంది. ఊరంతా అటే పోతోంది. మా ఇంటి ముందు కార్లు వేగం తగ్గించి, హారన్ కొట్టి, చేతులూపి మరీ వెళ్తున్నాయి. ఊపేవాళ్ళకేం తెలుసు, మంచి బట్టలు కట్టుకుని, కోట్లు తొడుక్కుని మేం వంటింట్లో నిలబడిపోయామని.

"అత్తయ్యా, లేవండి. అందరూ మనకోసమే చూస్తుంటారు," అన్నాను.

"చూడనీ."

"మీ మనవరాలు నటించిన సినిమా. ఎక్కడెక్కడివాళ్ళో చూసి ఉత్తమ నటి అని నెత్తిన పెట్టుకున్నారు. సొంతూరు దూనాలలో చూడకూడదా?"

"ఎక్కడెక్కడివాళ్ళకో జపమాల రాదు," అంది మా అత్తగారు. "మనవాళ్ళకి వచ్చు. అదే నా భయం."

శుక్రవారం నుంచీ ఇదే పాట. మా అమ్మాయి క్లీనా డబ్లిన్ నుంచి దిగేసరికి ఇల్లు పండగలా ఉండాలని గోడలు తుడిచాను, పరదాలు ఉతికాను, ఆపిల్ టార్టులు చేశాను. దిగిన పిల్లని వాళ్ళ నానమ్మ ముద్దయినా పెట్టుకోలేదు. "ఆ సినిమా ఇక్కడ వెయ్యొద్దని చెప్పు," అంది. అదీ స్వాగతం.

క్లీనా వచ్చి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కొత్త పచ్చగౌను నలగకుండా సర్దుకుంది.

"నానమ్మా, అది ఉత్తుత్తి శవజాగారం. ఆ వేషం వెయ్యాల్సిన ముసలాయన రాలేదు. నాన్న శవంలా పడుకున్నాడు. కెమెరా ఆపేశాక లేచాడు. లేచి టీ తాగాడు. నేనే పోసిచ్చాను."

"పోశావు. తాగాడా?"

క్లీనా కుర్చీ చేతిని గోటితో గీకింది.

"చూశావా, లేదా?"

"పోశాను," అంది మళ్ళీ, ఈసారి చిన్న గొంతుతో.

"చాలు అత్తయ్యా," అన్నాను. "పండగ పూట ఏంటిది? మీరు బతికారు. దేవుడి దయ. దానికి సంతోషించక, కొడుక్కి చావు అంటగడతారేంటి?"

ఆవిడ నా వైపు తిరిగింది. తొంభైకి దగ్గరపడిన మనిషి. బుగ్గలు ఎర్రగా, కళ్ళు కొత్త కత్తిలా ఉన్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక రెండో శీతాకాలం కూడా దాటేసింది.

"నేనెలా బతికానే? చెప్పు. నువ్వే చెప్పు."

చెప్పడానికేముంది, ఇంట్లో అందరికీ తెలిసిందే. సినిమావాళ్ళు మా పడమటి గదిలో జాగారం తీస్తున్నప్పుడు ఈవిడ ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంది. ఫాదర్ వచ్చి, చావుకి ముందు పూసే తైలం పూసి వెళ్ళిపోయాడు. ఇక్కడేమో దుస్తులవాళ్ళు తెచ్చిన, శవానికి తొడిగే అంగీ కొత్తగా మెరుస్తోందని దర్శకుడు పెదవి విరిచాడు. నా మొగుడు కోల్మన్ మహా ఉపకారి కదా, "అమ్మది ఉంది, పాతది," అని పెట్టెలోంచి తీసిచ్చాడు. ఆవిడ తన చావు కోసం కొనుక్కుని, దీవింపజేసుకుని దాచుకున్న గోధుమరంగు అంగీ. అది తొడుక్కునే పడుకున్నాడు. ఆ సాయంత్రం ఆసుపత్రిలో మా అత్తగారు లేచి కూర్చుని, ఉడకబెట్టిన గుడ్డు అడిగింది.

"నాకు రావాల్సింది వాడికి వచ్చింది," అంది ఆవిడ. "ఆ జాగారంలో ఫెస్టీ వాడి పేరు చెప్పి జపమాల ఎత్తుకున్నాడు. పేరు పెట్టి మొదటి సగం చెప్పాక మిగతా సగం ఎవరో ఒకరు బదులు పలకాలి. ఎవరూ పలకలేదు. నిశ్శబ్దంగా ఉంటేనే బాగుంటుందని ఆ దర్శకుడు అందరి నోళ్ళూ మూయించాడట. ఆ సగం జపం అలాగే ఉంది. అందుకే వాడు ఇంకా మన మధ్య తిరుగుతున్నాడు. ఇవాళ ఊరంతా కూర్చుని దానికి బదులు పలికితే పూర్తయిపోతుంది. వాడు వెళ్ళిపోతాడు. ఇంకా ఎలా చెప్పమంటావ్?"

"సినిమా చూస్తూ ఎవరైనా ప్రార్థన చేస్తారా?"

"మనవాళ్ళు చేస్తారు."

నేను నవ్వాను. నవ్వడం నా అలవాటు, భయమేసినప్పుడు మరీను.

"నేను వెళ్తానమ్మా."

ఉలిక్కిపడి తిరిగాం ముగ్గురం. కోల్మన్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు. అతని గురించే అరుచుకుంటూ అతను ఆ గదిలోనే ఉన్నాడన్న సంగతి మరిచిపోయాం.

"నా కూతురు గెలిచింది," అన్నాడు. "నేను చూడాలి."

ఏడాదిన్నరగా అతని నోట ‘నాకు కావాలి’ అన్న మాట లేదు. అన్నం కావాలని లేదు, నిద్ర కావాలని లేదు. అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"అయితే నేనూ వస్తా. డీర్‌డ్రె, నా మంచి కోటు తియ్యి."

*

కారు నేనే నడిపాను. కోల్మన్ నడపడం మానేశాడు. ఎందుకని అడిగితే చెప్పడు. వెనకసీట్లో నానమ్మ, మనవరాలు చెరో కిటికీలోంచి చూస్తున్నారు. సముద్రం మీంచి వాన అడ్డంగా కొడుతోంది.

నిజం చెప్పాలంటే నాకూ కొన్ని సంగతులు తెలుసు. అత్తగారికి చెప్పలేదు, అంతే. పట్నంలో పెద్ద దుకాణం ఉంది కదా, మనిషి దగ్గరికి రాగానే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. కోల్మన్‌కి తెరుచుకోవు. ఒకసారి కారులో కూర్చుని చూశాను. తలుపు ముందు నిలబడ్డాడు. వెనక ఎవరో పిల్లతో ఒకావిడ వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. ఆవిడ రాగానే తెరుచుకుంది. ఆవిడ వెనకే లోపలికి పోయాడు, ఇది రోజూ ఉండేదే అన్నట్టు.

డాక్టరు రక్తం చూశాడు, గుండె చూశాడు. ఏమీ లేదన్నాడు. ఏమీ లేనివాడి చేతులు ఆగస్టులో కూడా మంచుముద్దల్లా ఎందుకుంటాయని అడిగితే, వయసన్నాడు. రాత్రిళ్ళు పక్కలో అతని వైపు చెయ్యి వేస్తే దుప్పటి చల్లగానే ఉంటుంది. నాకు నా మొగుడు కావాలి. వెచ్చగా, గురకపెట్టే పాత మొగుడు కావాలి. ఆ మాట ఎవరితో అంటాను?

హాలు తలుపు దగ్గర అట్రాక్టా ఎదురొచ్చింది. చిన్నప్పటి నుంచీ నా స్నేహితురాలు, ఊళ్ళో ఏ వేడుకైనా దాని చేతిమీదుగానే జరగాలి. ప్యాట్రిక్ పండగ వారం మా హాల్లో మన ఐర్లండ్ సినిమాలు తప్ప వేరేవి వెయ్యరు. గోడలనిండా మన నటుల ఫొటోలు, వాటి మధ్య రంగుకాగితాల తోరణాలు. మధ్యలో అన్నిటికంటే పెద్దగా మా క్లీనా.

"వచ్చావా తల్లీ!" అని క్లీనాని కావలించుకుని బుగ్గలు కొరికినంత పని చేసింది అట్రాక్టా. "నీ ఫొటో పక్కనున్న అందగాడు చూడు, వాళ్ళ అమ్మమ్మది మా మేనత్త వాళ్ళ ఊరే. అంటే మాకు చుట్టమే అనుకో."

"ఐర్లండ్‌లో నీకు చుట్టం కాని నటుడున్నాడా?" అన్నాను.

"ఒకడున్నాడు. వాడి సినిమాలు బాగోవు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. టీ పాత్రల దగ్గర ఆడవాళ్ళు, శాండ్‌విచ్‌ల దగ్గర మగవాళ్ళు, కుర్చీల కింద పిల్లలు. ఒకళ్ళు నా టార్టులు లాక్కున్నారు. ఇంకొకళ్ళు నా చెయ్యి ఊపేశారు. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది, ఎందుకబద్ధం? బురదలో గంతులేసిన పిల్ల గోడకెక్కిందంటే ఏ తల్లికి ఉండదు?

"నీ అందం మీ నాన్నదే," అని క్లీనాతో అంటోంది అట్రాక్టా. "వయసులో ఎంత బాగుండేవాడనుకున్నావ్ కోల్మన్! మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఇవాళ ఉండుంటే ఎంత..."

ఆగిపోయింది. కోల్మన్ దాని మోచేతి పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఉన్నాను అట్రాక్టా," అన్నాడు మెల్లిగా.

"అయ్యో, ఉన్నావు, ఉన్నావు! నా నోరు పడిపోను! పొద్దున్నుంచీ తిండి లేక ఏం మాట్లాడుతున్నానో..." అది నా వైపు చూసింది. ముఖం పాలిపోయింది. "నేను నిన్ను చూళ్ళేదు, నిజంగా చూళ్ళేదు."

నేను అక్కణ్ణించి తప్పుకుని ఫెస్టీ కోసం వెతికాను.

ఫెస్టీ ఊళ్ళో ప్రతి చావింట్లోనూ జపమాల ఎత్తుకునే మనిషి. ఆ పని ముందు వాళ్ళ నాన్నది. సినిమాలోనూ అదే చేశాడు కనక ఇవాళ తనూ నటుడే అన్నట్టు ఎర్ర టై కట్టుకున్నాడు. తెర పక్కన ఉపన్యాసం వల్లెవేసుకుంటున్నాడు.

"ఫెస్టీ, ఒక మాట. నువ్వు పైకెక్కినప్పుడు అందరికీ చెప్పు, సినిమాలో జపమాల వస్తుంది, ఎవరూ బదులు పలకొద్దని."

అతను పెద్దగా నవ్వాడు. "సినిమా మధ్యలో ఎవరు పలుకుతారే, పిచ్చిదానా?"

"మా అత్తగారు బెంగపడుతోంది."

"ఆవిడా, నువ్వా?"

నేను కోల్మన్ నిలబడ్డ వైపు చూశాను. అతని నవ్వు ఆగిపోయింది. ఎర్ర టై సర్దుకున్నాడు.

"నాకు రాసిచ్చిన పేరు వేరే, డీర్‌డ్రె. ఏదో పీటర్ అనో ఏదో. ఆ గదిలోకి వెళ్ళి, కోల్మన్‌ని ఆ అంగీలో, ఆ కొవ్వొత్తుల మధ్య చూసేసరికి మోకాళ్ళు వాటంతటవే వంగాయి. నోటికి కోల్మన్ అనే వచ్చింది. తప్పయింది, మళ్ళీ తీద్దాం అన్నాను. ఇదే బాగుంది, నిజంలా ఉంది అన్నాడు దర్శకుడు." గొంతు తగ్గించాడు. "నలభై ఏళ్ళుగా శవాల దగ్గర మోకరిల్లుతున్నాను. ఎప్పుడూ పేరు తప్పలేదు నేను. ఆ రోజూ తప్పానని నాకు అనిపించలేదు."

"చెప్తావా, చెప్పవా?"

"చెప్తాలే," అన్నాడు.

చెప్పలేదు. ఎక్కి, ఈ దేశంలో వానకీ నటులకీ కొరత లేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత పెద్ద బహుమతి తెచ్చిన పిల్లకి చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో గొర్రె వేషం ఇచ్చింది తనేనన్నాడు. ఈలలు వేశారు. ఆ ఈలల్లో అతను మరిచిపోయాడో, ఊరి ముందు ఆ మాట అనడానికి సిగ్గుపడ్డాడో. కిందికి దిగి నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. దీపాలు ఆర్పేశారు.

*

మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. క్లీనా, నేను, కోల్మన్, చివర అత్తగారు.

"చావింటివాళ్ళని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు," అంది అత్తగారు ఎవరితోనూ కాదన్నట్టు.

"సినిమా చూడండి," అన్నాను.

సినిమా బాగుంది. నేను చెప్తున్నానని కాదు. మా సముద్రం, మా బురదదారి, మా రాతిగోడలు అంత అందంగా ఉంటాయని నాకెప్పుడూ తెలీదు. పడవ మీద కూర్చున్న తన మొగుణ్ణి చూసి వెనక ఒకావిడ "ఆ టోపీ నాదే!" అని అరిచింది. హాలంతా నవ్వింది. క్లీనా తెర మీదికి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ముక్కు చీదుతూనే ఉన్నారు.

తర్వాత మా ఇల్లు వచ్చింది.

మా పడమటి గది తలుపు. గోడ మీద, చావింటి ఆనవాయితీగా ఆపిన గడియారం. అద్దానికి కప్పిన దుప్పటి. హాల్లో నవ్వులు తగ్గిపోయాయి. కుర్చీల చప్పుడు కూడా లేదు. మంచం మీద కోల్మన్. కట్టిన చేతుల్లో జపమాల.

నేను తెరనీ పక్కనున్న మనిషినీ మార్చి మార్చి చూశాను. చూడకుండా ఉండాల్సింది. తెర మీది కోల్మన్ బుగ్గల్లో రంగుంది. కొవ్వొత్తి వెలుగు కదిలినప్పుడల్లా ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేచి కూర్చునేలా ఉన్నాడు. నా పక్కన కూర్చున్న కోల్మన్ ముఖం మీద తెర వెలుగు పడుతోంది, కానీ అక్కడ నిలవడం లేదు.

తెర మీద క్లీనా మంచం మీద పడి ఏడుస్తోంది. ప్రపంచమంతా మెచ్చుకున్న ఏడుపు అదే. నా పక్కన కూర్చున్న క్లీనా రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏంటే?" అన్నాను.

"అమ్మా, నేను ఆ రోజు నటించలేదు."

"ఊరుకో."

"నుదుటి మీద చెయ్యి వేశాను. రాయిలా చల్లగా ఉన్నాడు. నాన్నా అని మెల్లిగా పిలిచాను, మైకుకి వినిపించకుండా. పలకలేదు. ఆపండి అని అరుద్దామనుకున్నాను. కెమెరా నడుస్తోంది. అంత బాగా వస్తోందని నాకు తెలుసు. అందుకే ఆపలేదు." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కెమెరా ఆగిపోయాక కూడా చాలాసేపు లేవలేదమ్మా. అలసిపోయి నిద్రపోయాడని వాళ్ళందరితో నేనే చెప్పాను."

నాకు దాన్ని కొట్టాలనిపించింది, కడుపులో దాచుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేకపోయాను. తెర మీద ఫెస్టీ గదిలోకి వచ్చాడు. గోడల వెంట నిలబడిన పొరుగువాళ్ళు దారిచ్చారు. మోకరిల్లాడు.

మా వెనక చెక్కనేల కిర్రుమంది. ఎవరో మోకరిల్లారు. ఇంకెవరో.

"లేవండి," అని అరవబోయాను.

"మన కోల్మన్ ఆత్మశాంతి కోసం," అన్నాడు తెర మీద ఫెస్టీ.

మా అత్తగారు లేచి నిలబడింది. ఆవిడ నీడ తెరకి అడ్డంగా, కొడుకు మంచం మీదుగా పడింది. హాలు వైపు తిరిగింది.

"కాదు!" అంది. ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. "ఒనోరా. ఒనోరా ఆత్మశాంతి కోసం. నా పేరు చెప్పుకోండి. మీ అందరి ఇళ్ళల్లో చావులకి వచ్చాను నేను. మీ అమ్మలకి బదులు పలికాను. ఇవాళ నాకు పలకండి!"

తెర మీద ఫెస్టీకి ఇదేమీ పట్టదు కదా. తన పాటికి తను జపం సగం చెప్పుకుపోయాడు. ఆగాడు. దర్శకుడికి నచ్చిన ఆ నిశ్శబ్దం వచ్చింది.

"పరిశుద్ధ మరియమ్మా..." అని ఒక ముసలి గొంతు మొదలుపెట్టింది.

అంతే. ముందు ఆడవాళ్ళు, తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ మగవాళ్ళు, కుర్చీల కిందనుంచి పిల్లలు. పుట్టినప్పటినుంచీ విన్నది. సగం చెవిన పడితే మిగతా సగం నోట్లోంచి రావడం ఒక్కటే తెలుసు వాళ్ళకి. ఎవరి కోసం పలుకుతున్నారో వాళ్ళకి తెలుసా? కోల్మన్ కోసమా, ఒనోరా కోసమా? నాకు తెలీదు. నా నోరు కూడా పలుకుతోంది. పళ్ళు బిగించాలని చూశాను. అయినా పలుకుతూనే ఉంది. పక్కన క్లీనా పెదవులూ కదులుతున్నాయి.

తెర మీద ఫెస్టీ మళ్ళీ చెప్పాడు. హాలు మళ్ళీ బదులు పలికింది, ఈసారి గట్టిగా. మా అత్తగారు ఒక్కతే నోరు మూసుకుని నిలబడింది. తన కోసం చెప్పే జపానికి తను బదులు పలకకూడదు కదా.

నేను కోల్మన్ చెయ్యి పట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. పోనివ్వకూడదు, ఈ హాల్లోంచి ఎవరు వెళ్ళినా సరే, ఇతన్ని మాత్రం పోనివ్వను. నా మనసులో ఉన్నది అంతే. సిగ్గులేకుండా చెప్తున్నాను.

మూడోసారి బదులు పలకడం అయింది. తెర మీద దృశ్యం మారింది. బయట సముద్రం, తెల్లారుతోంది.

"డీర్‌డ్రె," అన్నాడు కోల్మన్. "నీ గోళ్ళు గుచ్చుకుంటున్నాయే. రక్తమొచ్చేట్టుంది."

నేను చీకట్లో అతని చెయ్యి తడిమాను. వెచ్చగా ఉంది. చెమట పట్టి ఉంది.

*

దీపాలు వెలిగేసరికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అవి ఎంతకీ ఆగలేదు. కొందరు మా అత్తగారి వైపు చూసి, చూపు తిప్పుకుని, మరింత గట్టిగా కొట్టారు. క్లీనా లేచి, తలవంచి నమస్కరించి, కూలబడి ఏడ్చింది. అందరూ అది ఆనందం అనుకున్నారు.

తర్వాత వరస కట్టారు. ఎవరూ కట్టమనలేదు. ముందు వరసలో ఇంటివాళ్ళు కూర్చుని ఉంటే, ఊళ్ళోవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి చెయ్యి కలిపి పోవాలి. మా కాళ్ళకి అలవాటైన పని అది. క్లీనాకి అభినందనలు, నాకు అభినందనలు. కోల్మన్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరూ అతని ముఖంలోకి చూసి ఆశ్చర్యపోతున్నారు.

"నీకేంట్రా, బుగ్గలు ఇంత ఎర్రగా ఉన్నాయి!" అంది అట్రాక్టా. "రెండు పెగ్గులు బిగించావా చాటుగా? నీ చెయ్యి కాలిపోతోంది!"

"ఆకలేస్తోంది," అన్నాడు కోల్మన్. "టార్టులు మిగిలాయా?"

నేను నవ్వాను. ఈసారి భయంతో కాదు. ఏడాదిన్నర తర్వాత ఆకలేస్తోందన్నాడు. ఎవరు చూస్తే నాకేం, అక్కడే ముద్దు పెట్టుకున్నాను. వెనక ఎవరో ఓహో అన్నారు.

తర్వాత ఫెస్టీ వచ్చాడు. ముఖం వేలాడేసుకుని, ఎర్ర టై వదులు చేసుకుని. క్లీనా చెయ్యి పట్టుకున్నాడు. నా దగ్గర తల దించుకున్నాడు. కోల్మన్ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీకొచ్చిన కష్టానికి చింతిస్తున్నాను, కోల్మన్," అన్నాడు.

చావింట్లో మేం అనే మాట. తనేమన్నాడో అతనికి మరుక్షణం తెలిసింది. వెనక వరస ఆగిపోయింది. చూడకూడదనుకుంటూనే అందరం చివరి కుర్చీ వైపు చూశాం.

మా అత్తగారు కూర్చునే ఉంది. కోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతులు ఒళ్ళో కలిపి. పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి కొంచెం కొంచెంగా, ఆగి ఆగి తీస్తోంది.

"సరిగ్గానే అన్నావు ఫెస్టీ," అంది. "అలా చూడకు. నీ పని నువ్వు చేశావు."

"అమ్మా!" కోల్మన్ ఒక్క ఉదుటున ఆవిడ ముందు మోకరిల్లాడు. ఇందాకటి దాకా నీడలా కదిలిన మనిషి, అతని మోకాళ్ళు నేలకి తగిలి చప్పుడైంది. "ఏమైందమ్మా? ఊపిరాడటం లేదా? ఎవరైనా కారు తియ్యండి! డీర్‌డ్రె, డాక్టరుకి ఫోన్ చెయ్యి. అంబులెన్సుని పిలువు. పట్నం తీసుకెళ్దాం. పోయినసారీ ఆశ లేదన్నారు, బతకలేదా?"

"అదే వద్దు," అంది ఆవిడ. కొడుకు చెంప నిమిరింది. ఆ చెంప వెచ్చదనం తెలిసినట్టుంది, ముఖం విచ్చుకుంది. "పోయినసారి చేసినట్టు మళ్ళీ చెయ్యొద్దురా. నన్ను ఆపితే అది మళ్ళీ ఎవరి దగ్గరికి పోతుందో నీకు తెలీదు." తర్వాత నన్ను వెతుక్కుంటూ తల తిప్పింది. "డీర్‌డ్రె. ఫాదర్‌కి ఫోన్ చెయ్యి. డాక్టరుకి కాదు. ఫాదర్‌కి."

"వినకు," అన్నాడు కోల్మన్. ఒక చేత్తో తల్లిని పట్టుకుని, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత బలం ఆ చేతికి! "ముసలావిడ ఏదో అంటోంది. చలిలో కూర్చుంది, గుండె బరువెక్కింది, అంతే. డాక్టరు వస్తే బతుకుతుంది. విన్నావా? బతుకుతుంది!"

"అమ్మా," అంది క్లీనా.

హాలంతా నా చేతిలోని ఫోనుని చూస్తోంది. అతని వేళ్ళ వేడి నా చర్మంలోంచి లోపలికి దిగుతోంది. మా అత్తగారి కళ్ళు నా కళ్ళని వదలడం లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ బతిమాలలేదు. ఇప్పుడు బతిమాలుతోంది. డాక్టరు వస్తే బతుకుతుంది, నిజమే కావచ్చు. ఆవిడ బతికితే ఏమవుతుందో నేను ఏడాదిన్నర చూశాను.

"ఫాదర్‌కే చేస్తాను అత్తయ్యా," అన్నాను.

కోల్మన్ తలెత్తి నన్ను చూశాడు. నా మణికట్టు మీంచి చెయ్యి తీసేశాడు.